పాత యింటి యప్పగింత

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు అమ్మి చూడుమని వారు చెప్పలేదు. వారి నాళ్లలో ఇల్లు అమ్ముకొనుట అప్పులపాలైన వాని దౌర్భాగ్యముగా నెంచబడెను గాని, బిడ్డలందఱు సుఖముగా నున్న కుటుంబము కూడ ఒకనాడు ఇల్లు విడువవలసి వచ్చునని వారికి తోచి యుండదు. ఇప్పుడట్లు కాదు. ఈ ప్రసంగమును వినుచున్న పెద్దలలో పెక్కుమంది బిడ్డలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రముల కావలనో కాపురములు పెట్టుకొని యున్నారు. పదిమంది మసలిన మండువా లోగిలిలో ముసలి దంపతులిద్దఱు మిగిలి యున్నారు. కొన్ని యిండ్లకు తాళములే మిగిలినవి.

మాది కోనసీమ. మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు 2023లో నా చేతులమీదుగా పరుల కప్పగింపబడినది. ఆ యింటిని నిలుపుకొనుటకు పడిన శ్రమయు, అమ్ముటకు పడిన శ్రమయు, ఖాళీ చేయుటకు పడిన శ్రమయు ఒకదానిని మించిన దొకటి. దుఃఖము వెళ్లబోసికొనుటకు నేనీ మాట చెప్పుట లేదు. ఆ మూడు శ్రమలకును మూలమొక్కటే యని నాకు తోచినది. ఇంటిని గూర్చిన యెఱుక అంతయు ఒకరిద్దఱు పెద్దల తలలో నుండును, కాగితముమీది కెక్కదు. ఆ పెద్దలు వెళ్లిపోయిన నాడు ఇల్లు మూగదగును.

కప్పు సంగతి మొదట చెప్పెదను. మండువా యింటి కప్పు నాలుగు వైపుల నుండి లోనికి వాలి యుండును. వాన పడినపుడు లోపలి వాలుల నీరంతయు నడుమనున్న మండువాలోనికి దిగి, తూముగుండ బయటికి పోవును. రెండు వాలులు కలిసికొను మూలయే యీ కప్పునకు ఆయువుపట్టు. అచ్చట నీరు ధారగట్టి పరుగెత్తును గనుక, క్రింది రేకు తుప్పుపట్టినను, ఒక్క పెంకు జరిగినను, దానిని మోయు కొయ్య తడిసి కొన్నియేండ్లలో చివికిపోవును. క్రిందనుండి చూచువారికి గోడమీద నొక చిన్న మచ్చ తప్ప మఱేమియు కనబడదు.

మా యింటికి మొదట గూనపెంకు లుండెడివి. మా తండ్రిగారి కాలమున మంగుళూరు పెంకులు వేసిరి. మన వైపున బంగాళా పెంకు లనునవి యివియే. 1865లో బాసెల్ మిషను వారు మంగుళూరులో వీని కర్మాగారమును స్థాపించిరి. గూనపెంకును కోతియో పిల్లియో కదలించినచో ఏటేటా నేయింపవలసినదే. బంగాళా పెంకు అట్లు కాదు. ఒకదాని గాడిలో నొకటి కూర్చుండును. కాని యందొక చిక్కు కలదు. ఒక కర్మాగారపు పెంకు మఱియొక కర్మాగారపు పెంకు గాడిలో సరిగా కూర్చుండదు. పెంకు వెనుకనున్న ముద్ర చూచి, అదే ముద్రగల పెంకును వెదకి తేవలెను. ఆ కర్మాగారము మూతపడినచో, ఎచ్చట పాత యిల్లు పడగొట్టుచున్నారో విచారించుకొని పోవలెను. ఒకరి యిల్లు నిలుచుటకు మఱియొకరి యిల్లు కూలవలసినదే గదా యని నేను పలుమాఱు లనుకొంటిని.

కోనసీమలో పెంకునకు కోతులకంటె పెద్ద శత్రువు కొబ్బరికాయ. దింపువాడు వేళకు రానిచో ముదిరిన కాయ తనంతట తానే దిగును. దిగునపుడు మన కప్పు చూచుకొనదు. ఇక తుపానుల మాట చెప్పనక్కఱలేదు. 1996 నవంబరు 6 నాటి తుపానులో మా పడమటి వసారా పెంకంతయు లేచిపోయెను. ఆ మీదట శక్తిగలవారు మా యూర పెంకు దింపి శ్లాబులు వేసికొనిరి. మేము తిరిగి పెంకే నేయించితిమి.

రోహిణి కార్తెలో పెంకు సవరించుకొని, మృగశిర ప్రవేశించునాటికి ఇల్లు సిద్ధముగా నుంచుట మా వైపు ఆచారము. దీనికి వాడుకగా నొక పనివా డుండెడివాడు. అతడు కప్పుమీద నడచునపుడు వాసములెచ్చట నున్నవో పాదముతోనే గుర్తుపట్టి యడుగు వేయును; పెంకు విఱుగదు. అతడు గతించిన తరువాత అతని కొడుకులు హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయిరి. అందు వారి తప్పేమియు లేదు. ఏడాదికి ఇరువది దినము లుండు పనిని నమ్ముకొని ఎవడు బ్రతుకగలడు? పిమ్మట వచ్చినవాడు పది పెంకులు సవరించి, ఇరువది పెంకులు త్రొక్కి విఱిచి, కూలి పుచ్చుకొని పోయెను. అతడెక్కుటకు ముందు రెండుచోట్ల కురిసెడి యిల్లు అతడు దిగిన తరువాత అయిదుచోట్ల కురిసెను.

గోడలది వేఱొక కథ. మావి ఇటుకతోను గానుగ సున్నముతోను కట్టిన గోడలు. మా నేలలో నీరు పైననే యుండును. సముద్రము దగ్గఱ గనుక ఉప్పును కలదు. నేలలోని చెమ్మ గోడలోనికి ఎగబ్రాకును. సున్నపు గోడ యా చెమ్మను దాచుకొనదు. వేసవిలో నెమ్మదిగా బయటికి విడిచివేయును. ఆ విడుచుటలో ఉప్పు పైకి వచ్చి, సున్నము పొరలు పొరలుగా రాలును. చూచుటకు వికారముగా నుండును గాని దానివలన గోడకు వెంటనే ముప్పు లేదు. సంక్రాంతికి ముందు రాలినచోట గీకి మరల సున్నము పూసిన చాలును. ఇది చూడలేక కొందఱు నడుమెత్తు వఱకు సిమెంటు పూయింతురు. మా ప్రక్కవీథిలో నొక యింట అట్లే చేసిరి. సిమెంటు చెమ్మను బయటికి పోనీయదు. దారి మూసుకొనిపోయిన చెమ్మ గోడలోపలనే యింకను పైకి ప్రాకి, పూత ఆగినచోట బయటపడును. కొన్నియేండ్లకే ఆ యింటి గోడ తలయెత్తున ఉప్పు రాలసాగెను. సిమెంటు పలకలు పలకలుగా నూడి, వానితోపాటు ఇటుక మొగమును ఊడివచ్చెను. గోడ రాలుచున్నదని కనబడుటయే దాని యారోగ్యమని మా తండ్రిగారు చెప్పెడివారు. ఈ మాట ఏ మేస్త్రీయు నేడు చెప్పడు.

మా యింటామెకు మోకాళ్ల నొప్పులు ముదిరి, మేము పెద్దకుమారునితో కాకినాడలో నుండవలసి వచ్చిన తరువాత ఇంటికి తాళము పడెను. తాళము వేసిన యిల్లు మనుష్యులున్న యింటికంటె త్వరగా పాడగును. పూర్వము పొయ్యిలో కట్టెలు మండునపుడు పొగ వాసములకెక్కి పురుగును దూరముగా నుంచెడిది. గాలి వెలుతురు లేక మూసిన గదిలో చెదలు గోడవెంట మట్టిదారి కట్టుకొని దూలమును చేరును. గబ్బిలములు పడకగది నాక్రమించును. మండువా తూమునకు ఒక్క కొబ్బరిమట్ట అడ్డుపడినచో మండువా చెఱువగును. మనుష్యుడు లేకపోయినను ఇంటిపన్ను మాత్రము వచ్చును. దీపము వెలిగింపకపోయినను కరెంటు బిల్లు వచ్చును. మూడేండ్లు ఇట్లు గడచిన తరువాత నేనును నా తమ్ములిద్దఱును కూర్చుండి, అమ్మివేయుదమని నిశ్చయించుకొంటిమి.

బేరమునకు మొదట వచ్చిన పెద్దమనిషి దొడ్డిని టేపుతో కొలిచెను గాని ఇంటిలోనికి అడుగు పెట్టలేదు. వసారాలో నిలుచుండియే, “ఇది పడగొట్టించుటకు ఎంతయగునండీ?” అని యడిగెను. ఆ ఖర్చును స్థలపు వెలలో తగ్గింపుమని ఆయన భావము. అనగా మూడు తరములవారు నిలిపిన యిల్లు ఆయన లెక్కలో తీసిపాఱవేయవలసిన చెత్త. రెండవ యాయన చేతి ఫోనులో దిక్సూచి పెట్టుకొని నాలుగు మూలలు తిరిగి, నైరుతి పల్లమైనదనియు, వీథిశూల తగిలినదనియు చెప్పి, వెల సగము చేసెను. వీథిశూల సగము వెలకు ఎట్లు శమించునో ఆయన చెప్పలేదు. మూడవవాడు మంచి వెలయే యిచ్చుటకు సిద్ధపడెను గాని, పత్రములో సగమే వ్రాయవలెననియు, తక్కినది సంచిలో తెచ్చి యిత్తుననియు అనెను. స్థిరాస్తి బేరములలో 20,000 రూపాయలు గాని, అంతకు మించిన మొత్తము గాని నగదుగా పుచ్చుకొనరాదని 2015 జూను 1 నుండి ఆదాయపు పన్ను చట్టములో నిబంధన వచ్చినది. పుచ్చుకొన్నవానికి పుచ్చుకొన్నంత జరిమానా. సంచి తెచ్చువానికంటె సంచి నందుకొనువానికే ప్రమాద మెక్కువ యని పెద్దలు గమనింతురు గాక.

నాలుగవ వారు ఒక బడిపంతులుగారు. తల్లితో సహా వచ్చి, ప్రతి గది తలుపు తీయించి చూచి, ఆ యింటిలోనే కాపురముండదలచితిమని చెప్పిరి. వెల కుదిరెను. బయానా పుచ్చుకొంటిమి. అసలు శ్రమ యచ్చట నారంభమయ్యెను.

పంతులుగారి వకీలు కాగితములు చూపుమనెను. మా తాతగారు స్థలము కొన్న పత్రము 1923 నాటిది. అందు ‘గోదావరి జిల్లా’ యని యున్నది. 1925లో ఆ జిల్లా తూర్పుగోదావరి యయ్యెను గనుక మా తండ్రిగారి పన్ను రసీదులలో అట్లున్నది. 2022 ఏప్రిలులో కోనసీమ వేఱు జిల్లా యయ్యెను గనుక క్రొత్త పత్రములో అది వ్రాయవలెను. నడుమ 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. ఇల్లు జానెడు కదలకున్నను మూడు జిల్లాలు తిరిగివచ్చినది. కాగితములు వ్రాయుచున్న యువకుడు, ఇవి మూడు వేర్వేరు ఊళ్ల యిండ్లా యని నిజముగానే యడిగెను.

దానికంటె పెద్ద చిక్కు హద్దులు. పత్రములో తూర్పు హద్దు ఫలానివారి చింతచెట్టు, దక్షిణము పుంత యని యున్నది. చింతచెట్టు లేదు. పుంత పంచాయతీ రోడ్డైనది. మన యిండ్లలో పెక్కు గ్రామకంఠములో నున్నవి గనుక పొలములకు వలె వీనికి వేఱువేఱు సర్వే నంబరులును పట్టాలును లేవు. ఊరి కాపురపు స్థలమంతయు కలిపి చూపుటయే పూర్వపు పద్ధతి. ఏ గోడ యెవరిదో కరణముగారికి నోట నుండెడిది. 1984లో కరణీకములును మునసబీలును రద్దయినవి. మంచిచెడ్డలు నేను విచారింపను గాని, ఆ యెఱుక వారితోనే పోయినది. గ్రామముల కాపురపు స్థలములను డ్రోనులతో కొలిచి ఇంటివారికి హక్కుకార్డు లిచ్చుటకు కేంద్రప్రభుత్వము వారు 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ యను పథకము నారంభించిరి. మంచి పనియే. అయినను ఆకాశమునుండి చూచు యంత్రమునకు గోడ కనబడును గాని, ఆ గోడ యెవరు పెట్టించిరో కనబడదు. కొలతకు వచ్చిన దినమున ప్రక్కన నిలుచుండి చెప్పవలసినది ఇంటి పెద్దయే. మా చింతచెట్టు చోటు చూపినది ఎనుబదియెనిమిదేండ్ల పొరుగింటి పెద్దమ్మగారు. ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి మోసికొని రాగా, కఱ్ఱతో నేలమీద గీచి, “ఇచ్చట ఉయ్యాల వేసికొనెడివారము నాయనా” అనెను. వకీలు దానిని కొలిచి వ్రాసికొనెను.

ఆ పెద్దమ్మగారే మఱియొకటి చెప్పినది. మా యుత్తరపు చూరు నీళ్లు వారి సందులోనికి పడును. తాతల నాటినుండి ఎవరును అభ్యంతరము చెప్పలేదు. 1882 నాటి ఈజ్‌మెంట్సు చట్టము ప్రకారము ఇట్టిది ఇరువదియేండ్లు అడ్డులేకుండ, బాహాటముగా, హక్కుగా జరిగినచో అది హక్కే యగును. కాని యది పత్రములలో నెచ్చటను లేదు. క్రొత్తవారు వచ్చి చూరు మార్చినను, వారి మనుమలు సందులో గోడ పెట్టినను తగవే. అందువలన దానిని పత్రములో నొక వాక్యముగా వ్రాయించితిమి.

పిమ్మట వకీలు, “మీ చెల్లెలుగారి సంతకమేది?” అనెను. మా చెల్లెలికి 1979లో పెండ్లియైనది. మా తండ్రిగారు 1994లో గతించిరి. ఇల్లు ఎన్నడును పంచుకొనలేదు. పసుపుకుంకుమ లిచ్చి పంపితిమి గదా, ఇప్పుడు సంతకమేమని మా రెండవ తమ్ముడు వాదించెను. ఈ వాదము ప్రతి యూరను వినబడుచున్నది గనుక చట్టము సంగతి కొంచెము వివరించెదను.

1956 నాటి హిందూ వారసత్వ చట్టములో 23వ సెక్షను అని యొకటి యుండెడిది. కుటుంబమువారు కాపురమున్న యింటిని మగవారు తమకుతామై పంచుకొనదలచు వఱకు ఆడబిడ్డలు తమ భాగమును వేఱుచేసి యిమ్మని యడుగరాదని దాని భావము. అనగా ఆడబిడ్డ భాగము చట్టములో నుండెను గాని గడపలోపల లేదు. నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వ కాలమున 1985 సెప్టెంబరు నుండి మన రాష్ట్రములో కుమార్తెకు ఉమ్మడి యాస్తిలో కుమారునితో సమానముగా హక్కు కలిగినది. అయితే అప్పటికి పెండ్లియైన వారి కది లేదు. 2005లో దేశమంతటికిని చట్టమును సవరించి, పెండ్లి యను భేదము తీసివేసిరి. ఆ 23వ సెక్షనును తొలగించిరి. తండ్రి అంతకు ముందే గతించినను కుమార్తె హక్కునకు భంగము లేదని 2020 ఆగస్టులో సుప్రీముకోర్టు స్థిరపఱచెను. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రముచేతనో కోర్టు డిక్రీచేతనో పంపకమైన యాస్తులను మాత్రము తిరుగదోడుటకు వీలులేదు.

మా చెల్లెలు వచ్చి, “అన్నయ్యా, సంతకము చేయుటకు నాకు అభ్యంతరము లేదు. భాగము లేని సంతకము మాత్రము చేయను” అనెను. ఆమె భర్తకు వారమునకు రెండుమాఱులు రక్తశుద్ధి చేయింపవలసి యున్నది. సొమ్ము అక్కఱ నిజము. అక్కఱ లేకున్నను ఆమె మాట న్యాయమే. తమ్ముని మాటలోను కొంత బలము లేకపోలేదు. “ఇరువదియేండ్లు పెంకు నేయించినది మనము, పన్ను కట్టినది మనము. ఆ ఖర్చులో ఆమె భాగమెక్కడ?” అని వాడనెను. రెండు నెలలు వాడు నాతో మాటలాడలేదు. తుదకు కుదిరిన దేమనగా, ఇంటిమీద పెట్టిన ఖర్చు ముందు తీసి, పెట్టినవారి కిచ్చి, మిగిలినది నాలుగు సమభాగములు చేయవలెను. అయితే ఖర్చెంత? కొయ్యకును రేకునకును రసీదులున్నవి. పెంకు నేసినవానికిచ్చిన కూలికి రసీదెవరు వ్రాయింతురు? అప్పుడు మా యింటామె అటకమీదినుండి ఒక కట్ట దింపించెను. పాలలెక్క వ్రాసికొను గోడ క్యాలెండరులు, ఇరువదియొక్క సంవత్సరములవి. ప్రతి జ్యేష్ఠమాసపు కాగితముమీదను పెంకుకూలి యింత, సున్నము యింత యని పెన్సిలుతో వ్రాసి యున్నది. తమ్ముడు అవి యన్నియు రెండు దినములు కూర్చుండి కూడి, తాననుకొన్న దానిలో మూడవవంతు కూడ రాలేదని చూచి, మాఱుమాటాడక సంతకము చేసెను.

ఇంకను ఒకటి మిగిలెను. వాయవ్యపు మూల దూలము చివుకుచున్నదని నాకు తెలియును. మధ్యవర్తి రెండుచేతుల సున్నము కొట్టింపుమనియు, మచ్చ పోవుననియు సలహా చెప్పెను. పంతులుగారు నిచ్చెన వేసికొని చూడలేదు, చూచినను తెలియదు. 1882 నాటి ఆస్తిబదిలీ చట్టము 55వ సెక్షనులో దీనిని గూర్చి స్పష్టముగా నున్నది. కొనువాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపము అమ్మువానికి తెలిసియున్నచో, దానిని కొనువానికి చెప్పవలెను; చెప్పకుండుట మోసముతో సమానము. చట్టము లేకున్నను, ఆ గదిలో ఆయన తల్లి పండుకొనునని నాకు తెలియును. పంతులుగారిని పిలిచి దూలము చూపితిని. వారు వడ్రంగిని తెచ్చి చూపించుకొని, వెలలో లక్షన్నర తగ్గించిరి. మధ్యవర్తి నన్ను వెఱ్ఱివానిని చూచినట్లు చూచెను. నా తమ్ములు మాత్రము ఈసారి ఏమియు అనలేదు.

ఇల్లు ఖాళీ చేయుటకు పదునొకండు దినములు పట్టెను. భోషాణము ఏ ద్వారమునుండియు వెలుపలికి రాలేదు. గదిలోపలనే కూర్చిన దని తెలిసెను. దానిని పంతులుగారికే విడిచితిమి. ఇత్తడి గుండిగలు నలుగురము పంచుకొంటిమి గాని, కాకినాడ యపార్టుమెంటులో అవి యెచ్చటను పట్టవు. మా కోడలు ఒకదానిలో మొక్క నాటినది. పాత తలుపులు కొనువాడొకడు వచ్చి, వీథి ద్వారబంధము మాత్రము ఊడదీసి యిమ్మనెను. మంచి వెలయే చెప్పెను. ద్వారబంధము లేని యింటిని ఒకరికి అప్పగించుట యెట్లు? పొమ్మంటిని. పాతరోలు నేలలో పాతుకొని యున్నది; అదియు అచ్చటనే యున్నది. తాళపుచెవుల గుత్తిలో ముప్పదియొక్క చెవులుండెను, తాళములు తొమ్మిది.

ఆ పదునొకండు దినములలో రాత్రులు కూర్చుండి నలువది పుటల పుస్తక మొకటి వ్రాసితిని. ఏ మూల ఏ గాలివానకు కురియునో, మండువా తూము ఎచ్చట మలుపు తిరుగునో, అది పూడినచో ఏ రాయి యెత్తవలెనో, గోడకు సిమెంటేల పూయరాదో, నూతిలో నీరు ఏ నెలలో ఉప్పగిల్లునో, మీటరు ఎవరి పేర నున్నదో, పన్ను రసీదు లెచ్చట నున్నవో, చూరునీళ్ల సంగతి యేమో, అన్నియు. పత్రము రిజిస్టరైన దినమున తాళములతోపాటు దానిని పంతులుగారి చేతి కిచ్చితిని. ఇంటి వెనుక గాదెచాటున అదే ముద్రగల పెంకులు అఱువది పేర్చి యుంచితినని చివరి పుటలో వ్రాసితిని.

జ్యేష్ఠములో మొదటి పెద్దవాన పడిన రాత్రి పంతులుగారు ఫోను చేసిరి. వంటింటి మూల కురియుచున్నదనిరి. పదునేడవ పుట చూడుమంటిని. ఫోను పట్టుకొనియే పుట త్రిప్పుచున్న చప్పుడు నాకు వినబడెను. వాన చప్పుడును వినబడెను. ఆ యఱువదింటిలో ఇప్పటికి పదునాలుగు పెంకులు వాడిరట.